స్టీరింగ్ ఒక దారి, కారు ఒక దారి: ఈఎస్‌సీ ఏం చేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

రాత్రి హైవే మీద 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారుకు గేదె అడ్డొచ్చిందనుకుందాం. డ్రైవరు కుడికి కట్ కొడతాడు. గేదె తప్పిపోతుంది. డివైడరు మీదికి పోతున్నానని తెలిసి వెంటనే ఎడమకు లాగుతాడు. కార్లు అదుపు తప్పేది చాలాసార్లు మొదటి కట్‌లో కాదు, ఈ రెండో కట్‌లో. కుడికి తిప్పినప్పుడు బాడీ ఎడమకు వాలి, ఆ వైపు స్ప్రింగులు నొక్కుకుపోయి ఉంటాయి. అవి తేరుకోకముందే బరువంతా విసురుగా కుడి టైర్ల మీదికి వచ్చి పడుతుంది. వెనక టైర్ల పట్టు తెగుతుంది, డిక్కీ వైపు భాగం బయటికి కొట్టుకుపోతుంది. అక్కడినుంచి కారు రోడ్డుకు అడ్డం తిరగడానికి సెకను, సెకనున్నర చాలు. మామూలు డ్రైవరు పరిస్థితిని అర్థం చేసుకుని స్టీరింగును సరైన దిక్కుకు, సరైనంత తిప్పేలోపు ఆ సమయం కాస్తా అయిపోతుంది.

ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, పొట్టిగా ఈఎస్‌సీ, పనిచేసేది సరిగ్గా ఆ సెకనులోనే. కంపెనీని బట్టి దీనికి ఈఎస్‌పీ, వీఎస్‌సీ, వీఎస్‌ఏ, డీఎస్‌సీ అని రకరకాల పేర్లున్నాయి. లోపల ఉన్న సూత్రం మాత్రం ఒకటే.

గేదె ఉదాహరణ ఊరికే చెప్పింది కాదు. స్వీడన్‌లో రోడ్లకు అడ్డొచ్చేది మూస్ అనే భారీ దుప్పి. దాన్ని తప్పించే రెండు కట్‌ల పరీక్షకు అక్కడ పెద్ద చరిత్రే ఉంది. 1997 అక్టోబరులో టెక్నికెన్స్ వర్ల్డ్ అనే స్వీడిష్ పత్రిక ఈ పరీక్ష పెడితే, కొత్తగా వచ్చిన మెర్సిడెస్ ఏ-క్లాస్ పల్టీ కొట్టింది. కంపెనీ డెలివరీలు ఆపి, సస్పెన్షన్ మార్చి, ఆ మోడల్ కార్లన్నిటికీ ఈఎస్‌పీ తప్పనిసరిగా బిగించింది. అంతకు రెండేళ్ల ముందు, 1995లో, బాష్ సంస్థతో కలిసి ఇదే మెర్సిడెస్ తన ఖరీదైన ఎస్-క్లాస్‌లో ఈ వ్యవస్థను మొదటిసారి తెచ్చింది. బాష్‌లో ఆ పనికి నాయకత్వం వహించిన ఇంజినీరు ఆంటన్ వాన్ జాంటెన్. కోటీశ్వరుల కారులో ఉన్న పరికరం చిన్న కారులోకి దిగడానికి ఒక చిన్న కారు బోల్తా పడాల్సి వచ్చింది.

ఏబీఎస్ ఉంది కదా, ఇది దేనికి?

షోరూముల్లో తరచూ వినిపించే ప్రశ్న ఇది. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ. బయటికి రెండూ ఒకే అల్యూమినియం దిమ్మలో ఉంటాయి, ఒకే చక్రపు సెన్సార్లు వాడుకుంటాయి. తేడా ఒక్క మాటలో చెప్పొచ్చు: ఏబీఎస్‌కు బ్రేకు ప్రెజర్ తీసేయడమే తెలుసు, ఈఎస్‌సీకి ఇవ్వడం కూడా తెలుసు.

ఏబీఎస్‌లో ప్రతి చక్రానికి రెండు వాల్వులు ఉంటాయి. లోపలికి ఆయిల్ వదిలేది ఒకటి, బయటికి వదిలేది ఒకటి; నాలుగు చక్రాలకు మొత్తం ఎనిమిది. డ్రైవరు పెడల్ తొక్కితేనే వీటికి పని. చక్రం బిగుసుకుపోతున్నట్టు కనిపిస్తే లోపలికొచ్చే దారి మూసి, బయటికి పోయే దారి తెరిచి ప్రెజర్ తగ్గిస్తుంది. అందులో ఉన్న పంపు పని ఆ బయటికొచ్చిన ఆయిల్‌ను వెనక్కి నెట్టడం వరకే.

ఈఎస్‌సీలో మరో నాలుగు వాల్వులు చేరి పన్నెండు అవుతాయి. బ్రేకు లైన్లు రెండు సర్క్యూట్లుగా ఉంటాయి కనుక సర్క్యూట్‌కు రెండేసి. ఒకటి, పెడల్ తొక్కినప్పుడు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్‌కూ చక్రాలకూ మధ్య దారిని మూసేది, రెండోది మాస్టర్ సిలిండర్ నుంచి పంపు ఆయిల్ లాక్కోవడానికి దారి తెరిచేది. మొదటిది మూసుకుని రెండోది తెరుచుకోగానే, పెడల్ మీద కాలు లేకపోయినా పంపు ప్రెజర్ పుట్టిస్తుంది. చిన్న కార్లలో సర్క్యూట్లు ఐమూలగా ఉంటాయి: ముందు ఎడమ, వెనక కుడి ఒక జత, ముందు కుడి, వెనక ఎడమ ఇంకో జత. ముందు ఎడమ చక్రం ఒక్కదానికే బ్రేకు కావాలంటే, అదే సర్క్యూట్‌లో ఉన్న వెనక కుడి చక్రపు లోపలి వాల్వును మూసి ఉంచుతుంది. ప్రెజర్ పోవడానికి ఒక్కటే దారి మిగులుతుంది.

ఒక్క చక్రానికి మాత్రమే బ్రేకు వేయడం ఎంత గొప్ప డ్రైవరుకైనా చేతకాదు. పెడల్ ఒకటే కదా. ఘాట్ రోడ్ల మీద ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా ‘ఇవన్నీ చేతకానివాళ్లకు’ అని కొట్టిపారేస్తారు గానీ, ఇక్కడ ప్రశ్న నేర్పుది కాదు, నాలుగు పెడల్స్ లేకపోవడానిది.

ఎత్తు మీద ఆపి బ్రేకు నుంచి యాక్సిలరేటర్‌కు కాలు మార్చేటప్పుడు కారు వెనక్కి జారకుండా రెండు సెకన్లు పట్టి ఉంచే హిల్ హోల్డ్ కూడా ఈ అదనపు వాల్వుల చలవే. దారి మూసేస్తే లోపలి ప్రెజర్ అక్కడే నిలిచిపోతుంది. అందుకే ఈఎస్‌సీ ఉన్న కార్లలో హిల్ హోల్డ్ దాదాపు ఉచితంగా వస్తుంది. ఈఎస్‌సీ లైటు వెలిగిన రోజు హిల్ హోల్డ్ కూడా పనిచేయదు.

కారు అడిగే మూడు ప్రశ్నలు

డ్రైవరు ఎటు పోవాలనుకుంటున్నాడు? కారు నిజంగా ఎటు పోతోంది? రోడ్డు ఎంతవరకు ఒప్పుకుంటుంది? ఈ మూడిటినీ కంట్రోల్ యూనిట్ సెకనుకు కనీసం పాతికసార్లు బేరీజు వేస్తుంది.

మొదటిదానికి జవాబు స్టీరింగ్ కోణం, వేగం. స్టీరింగ్ కాలమ్ దగ్గరున్న సెన్సార్ కోణాన్ని చెబుతుంది. నాలుగు చక్రాల సెన్సార్ల నుంచి వేగం తేలుతుంది. ఇరుసుల మధ్య దూరం 2.5 మీటర్లు, స్టీరింగ్ నిష్పత్తి 15 ఉన్న కారు 80 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 22.2 మీటర్ల వేగంతో పోతోందనుకుందాం. స్టీరింగును 45 డిగ్రీలు తిప్పితే ముందు చక్రాలు 3 డిగ్రీలు తిరుగుతాయి. రేఖాగణితం ప్రకారం కారు తన నిలువు అక్షం చుట్టూ, బొంగరంలా, సెకనుకు 27 డిగ్రీల చొప్పున తిరగాలి. ఈ తిరుగుడు వేగాన్నే యా రేట్ అంటారు. కానీ టైర్లు రబ్బరు. పక్కకు బలం రావాలంటే అవి కొంచెం మెలితిరగాలి. ఆ కారణంగా వేగం పెరిగేకొద్దీ కారు గణితం చెప్పినదానికన్నా తక్కువ తిరుగుతుంది. ఈ వేగంలో చాలా కార్లలో అది దాదాపు సగానికి, సుమారు 13 డిగ్రీలకు వస్తుంది. ప్రతి మోడల్‌కూ ఈ లెక్క వేరు. టెస్ట్ ట్రాకుల మీదా మంచు మీదా నెలల తరబడి నడిపి, ఆ మోడల్ బరువుకూ సస్పెన్షన్‌కూ టైరు సైజుకూ సరిపోయేలా అంకెలు నింపుతారు.

రెండో ప్రశ్నకు జవాబిచ్చేది యా రేట్ సెన్సార్. మొదటి తరంలో అది కంపించే ఓ లోహపు గొట్టం. ఇప్పుడు గోరంత సిలికాన్ చిప్. లోపల సన్నటి సిలికాన్ ముక్క నిరంతరం అటూ ఇటూ కంపిస్తుంటుంది. కారు తిరిగితే ఆ కంపనం పక్కకు మళ్లుతుంది, ఆ మళ్లింపును కొలుస్తారు. దాని పక్కనే కారును పక్కకు నెట్టే త్వరణాన్ని కొలిచే సెన్సార్ ఉంటుంది.

మూడో ప్రశ్నే కష్టమైనది. రోడ్డు తడిగా ఉందో, ఇసుక పడిందో చెప్పే సెన్సార్ ఏదీ లేదు. అక్కడ ఒక చిన్న లెక్క సాయం చేస్తుంది: పక్క త్వరణం అంటే వేగాన్ని తిరుగుడు వేగంతో హెచ్చించడం. మంచి పొడి తారు రోడ్డు మీద, టైరుకు ఎంత పట్టు దొరుకుతుందో చెప్పే ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, 80 కిలోమీటర్ల దగ్గర కారు సెకనుకు 20 డిగ్రీలకు మించి తిరగలేదు. వాన పడి గుణకం 0.5కు దిగితే ఆ హద్దు 12.7 డిగ్రీలు. ఇంతకుముందు 45 డిగ్రీల స్టీరింగుతో అడిగిన 13 డిగ్రీలు పొడి రోడ్డు మీద హాయిగా వచ్చేవే. తడి రోడ్డు మీద అదే స్టీరింగ్ హద్దు దాటిపోయింది. పక్క త్వరణం సెన్సార్ చూపించే విలువ ఇంకేమాత్రం పెరగకపోతే, రోడ్డు ఇవ్వగలిగింది అంతేనని యూనిట్‌కు అర్థమవుతుంది. అప్పుడు డ్రైవరు కోరికను రోడ్డు ఇవ్వగలిగినంతకు కుదిస్తుంది. స్టీరింగ్ ఎంత అడిగితే అంతా తెచ్చిపెట్టే వ్యవస్థ ఇది కాదు.

ఇంకో చిక్కు ఉంది. తిరుగుడు వేగం సరిగ్గానే ఉండి కూడా కారు పక్కకు జారుతుండొచ్చు: ముక్కు ఒక దిక్కు చూస్తుంటుంది, కారు ఇంకో దిక్కు పోతుంటుంది. ఈ రెండు దిక్కుల మధ్య కోణం పొడి రోడ్డు మీద పది పన్నెండు డిగ్రీలు దాటితే, ఆ తర్వాత స్టీరింగ్ ఎటు తిప్పినా పెద్దగా తేడా ఉండదు. మంచు మీద అయితే ఇంకా చాలా ముందే చేతులు దాటుతుంది. ఈ కోణాన్ని నేరుగా కొలిచే పరికరాలు చాలా ఖరీదు. మామూలు కార్లలో మిగతా సెన్సార్ల అంకెల నుంచి లెక్కగట్టి ఊహిస్తారు. ఈఎస్‌సీ సాఫ్ట్‌వేర్‌లో అసలు కష్టమంతా ఈ ఊహ దగ్గరే ఉంది. అందుకే సెన్సార్ ఒక్కటి కాస్త తప్పు చెప్పినా ఊహ మొత్తం పక్కదారి పడుతుంది. రిపేరు సంగతులకు వచ్చినప్పుడు ఇది మళ్లీ కనిపిస్తుంది.

ఏ చక్రానికి, ఎంత?

కారు అడిగినంత తిరగకుండా ముక్కుతో బయటికి ఈడ్చుకుపోతుంటే అది అండర్‌స్టీర్. అప్పుడు మలుపు లోపలి వైపు వెనక చక్రానికి బ్రేకు పడుతుంది. అడిగినదానికన్నా ఎక్కువ తిరుగుతూ వెనక భాగం విసురుతుంటే ఓవర్‌స్టీర్. అప్పుడు మలుపు బయటి వైపు ముందు చక్రానికి. గేదెను తప్పించి ఎడమకు లాగిన కారులో వెనక భాగం కుడికి విసిరితే, బ్రేకు పడేది ముందు కుడి చక్రానికి.

ఆ చక్రాలనే ఎందుకు ఎంచుకున్నారనేదానికి సగం జవాబు చాలామందికి తెలుసు: కుడి వైపు ఒక చక్రాన్ని పట్టుకుంటే కారు కుడికి తిరుగుతుంది, పడవకు ఒక వైపు తెడ్డు ఆపినట్టు. మిగతా సగం టైరు పట్టులో ఉంది. టైరుకు ఉన్న పట్టు ఒకటే మూట. బ్రేకుకు కొంత వాడితే పక్కకు పట్టుకోవడానికి తక్కువ మిగులుతుంది.

1,200 కిలోల కారును తీసుకుందాం. మలుపులో బయటి ముందు చక్రం మీద బరువు పడి, ఆ టైరుకు మొత్తం 4,000 న్యూటన్ల పట్టు ఉందనుకుందాం. అందులో 2,400 బ్రేకుకు పోతే పక్కకు 3,200 మిగులుతుంది. ఇవి లంబ దిశల బలాలు కనుక వర్గాల లెక్క పడుతుంది, మామూలు తీసివేత కాదు. కారు మధ్య నుంచి చక్రం 0.75 మీటర్ల పక్కన ఉంది కాబట్టి బ్రేకు వల్ల వచ్చే మెలి 1,800 న్యూటన్ మీటర్లు. దీనికి తోడు ముందు టైరు పక్క బలంలో 800 న్యూటన్లు తగ్గాయి. ముందు ఇరుసు బరువు కేంద్రానికి మీటరు దూరంలో ఉంటే, కారును అతిగా తిప్పుతున్న మెలిలో ఇంకో 800 తగ్గినట్టే. మొత్తం 2,600. ఇలాంటి కారును తిప్పడానికి ఎదురయ్యే జడత్వ భ్రామకం సుమారు 1,800 కిలోగ్రామ్ చదరపు మీటర్లు. లెక్క వేస్తే సెకనులో అయిదో వంతులో తిరుగుడు వేగం 16 డిగ్రీలకు పైగా పడిపోతుంది. రోడ్డుకు అడ్డం తిరగబోతున్న కారును నిలబెట్టడానికి అది సరిపోతుంది.

అండర్‌స్టీర్‌లో ఇదే తర్కం తలకిందులవుతుంది. లోపలి వెనక చక్రానికి బ్రేకు వేస్తే కారు లోపలికి తిరుగుతుంది, వెనక టైరు పక్క పట్టు కొంచెం సడలి అదీ తిరగడానికే తోడ్పడుతుంది. అయితే మలుపులో ఆ చక్రం మీద బరువు తక్కువ, ముందు ఇంజన్ ఉన్న కారులో మరీ తక్కువ. అందుకని దాని శక్తి కొద్దిపాటిదే. ముక్కు ఈడ్చుకుపోతున్న కారులో ఈఎస్‌సీ ఎక్కువగా ఆధారపడేది ఇంజన్ పవర్ తగ్గించి, అవసరమైతే మిగతా చక్రాలకూ బ్రేకు వేసి వేగం తగ్గించడం మీద. డ్రైవరు యాక్సిలరేటర్ నొక్కి పట్టినా ఇంజన్ స్పందించకపోవడం ఇందుకే. అది ఇంజన్ లోపమని సర్వీస్ సెంటరుకు పోయేవాళ్లూ ఉన్నారు.

ఎస్‌యూవీలకు ఇంకో పని కూడా అప్పగిస్తారు. బరువు కేంద్రం ఎత్తులో ఉన్న బండికి జారడం కన్నా పల్టీ కొట్టడం పెద్ద ప్రమాదం. పక్క త్వరణం వేగంగా పెరుగుతుంటే బయటి ముందు చక్రానికి గట్టిగా బ్రేకు వేసి, బండి కావాలనే కొంచెం వెడల్పుగా జారేలా చేస్తుంది. పల్టీ కన్నా జారడం నయం.

పరీక్షలో పాసవడమంటే

అమెరికాలో 2012 మోడల్ నుంచి 4,536 కిలోల లోపు వాహనాలన్నిటికీ ఈఎస్‌సీ తప్పనిసరి. అక్కడి నిబంధన పెట్టే పరీక్ష గేదె కట్‌కు యంత్ర రూపమే. 80 కిలోమీటర్ల వేగంలో ఒక రోబో స్టీరింగును ఒక వైపు, వెంటనే రెండో వైపు తిప్పి, ఆ రెండో కొస దగ్గర అర సెకను పట్టి ఉంచి, తిరిగి తిన్నగా తెస్తుంది. స్టీరింగ్ తిన్నగా అయిన ఒక సెకనుకు తిరుగుడు వేగం దాని గరిష్ఠంలో 35 శాతానికి, 1.75 సెకన్లకు 20 శాతానికి దిగాలి. ఇంతే అయితే కారును అసలు తిరగనివ్వకుండా మొరటుగా బ్రేకు వేసే వ్యవస్థ కూడా పాసైపోతుంది. అందుకే ఇంకో షరతు పెట్టారు: స్టీరింగ్ తిప్పడం మొదలైన 1.07 సెకన్లలో కారు కనీసం 1.83 మీటర్లు పక్కకు జరగాలి. 3,500 కిలోలు దాటిన బండికి ఇందులో కొద్ది సడలింపు ఉంది. గేదె తప్పాలి, కారూ నిలబడాలి. నిబంధన రాసినవాళ్ల తెలివి ఈ రెండో షరతులో ఉంది.

ఆ నిబంధన తెచ్చేటప్పుడు అమెరికా రహదారి భద్రతా సంస్థ వేసిన అంచనా ప్రకారం, ఇంకో వాహనం ప్రమేయం లేకుండా ఒంటరిగా జరిగే ప్రమాదాలు ఈఎస్‌సీ వల్ల కార్లలో 34 శాతం, ఎస్‌యూవీల్లో 59 శాతం తగ్గుతాయి. ఒక్క పరికరానికి ఇంత ఫలితం సీటు బెల్టు తర్వాత అరుదు. యూరప్‌లో 2014 నవంబరు నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది ఉండాల్సిందే.

మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. ఈఎస్‌సీకి దారి మాత్రం స్టార్ రేటింగుల ద్వారా పడింది. 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చిన, కార్ల భద్రతను పరీక్షించి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో మూడు స్టార్లు, ఆపైన కావాలంటే ఈఎస్‌సీ ఉండి తీరాలి. పాత కార్లు కొనేవాళ్లకు ఇక్కడే తికమక. పాత మోడళ్లలో ఈఎస్‌సీని పై వేరియంట్లకో ఆటోమేటిక్ వాటికో మాత్రమే ఇచ్చిన సందర్భాలు చాలా ఉన్నాయి. మోడల్ పేరు చూసి కాదు, ఆ ఒక్క బండిని చూసి తేల్చుకోవాలి.

చేతులెత్తేసే చోట్లు

ఈఎస్‌సీ పట్టును పుట్టించదు, ఉన్నదాన్ని సర్దుతుంది. 15 మీటర్ల వ్యాసార్ధం ఉన్న హెయిర్‌పిన్ మలుపును పొడి రోడ్డు మీద గంటకు 39 కిలోమీటర్ల దాకా తిప్పొచ్చు, తడి రోడ్డు మీద 31. శ్రీశైలం ఘాట్‌లోనైనా మారేడుమిల్లి దారిలోనైనా అలాంటి మలుపులోకి వానలో 45తో దిగితే, ఈఎస్‌సీ చేయగలిగింది కారు అడ్డం తిరగకుండా చూడడమే. రక్షణ గోడకు వెనకతో కాక ముక్కుతో తగులుతుంది. ముక్కుతో తగలడమూ కొంత మేలే: ముందు భాగం నలిగి దెబ్బను మింగేలా కట్టిన నిర్మాణం, ఎయిర్ బ్యాగులు ముందు దెబ్బకే బాగా అక్కరకొస్తాయి. పక్క తలుపుకు స్తంభం తగిలితే కాపాడేది కొద్ది అంగుళాల ఇనుమే.

వడ్లు, మొక్కజొన్నలు ఆరబోసిన రోడ్డు మన దగ్గర ప్రత్యేకమైన చిక్కు. సగం రోడ్డు తారు, సగం గింజలు. ఎడమ చక్రాలు గింజల మీద, కుడి చక్రాలు తారు మీద ఉండగా బ్రేకు తొక్కితే కుడి వైపు పట్టు ఎక్కువ కనుక కారు కుడికి, అంటే ఎదురు వచ్చే బండ్ల వైపు, గుంజుతుంది. కుడి ముందు చక్రంలో ప్రెజర్‌ను నెమ్మదిగా పెంచి ఆ గుంజుడును ఈఎస్‌సీ చాలావరకు తగ్గిస్తుంది, కానీ అందుకు మూల్యంగా కారు ఆగే దూరం పెరుగుతుంది. నాలుగు చక్రాలూ గింజల మీదే ఉంటే సర్దడానికి ఏమీ మిగలదు. నీళ్లు నిలిచిన హైవే మీద టైరు తేలిపోయినప్పుడూ అంతే. రోడ్డును తాకని టైరుకు బ్రేకు వేసి లాభం లేదు.

ఇక ఆఫ్ బటన్. బురదలోనో బీచ్ ఇసుకలోనో ఇరుక్కుంటే చక్రాలు కొంచెం గిరగిరా తిరిగితేనే బండి బయటపడుతుంది. అక్కడ పవర్ కోసేసే ట్రాక్షన్ కంట్రోల్ అడ్డం. బటన్ ఉన్నది అందుకోసం. చాలా కార్లలో ఒకసారి నొక్కితే ట్రాక్షన్ కంట్రోల్ మాత్రమే ఆగుతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే ఈఎస్‌సీ కూడా ఆగుతుంది. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే తిరిగి ఆన్ అవుతుంది. మైలేజీ పెరుగుతుందని హైవే మీద ఆఫ్ చేసేవాళ్లున్నారు. అది పనిచేయనప్పుడు వాడుకునే శక్తి నామమాత్రం. ఆఫ్ చేసినా మైలేజీలో తేడా రాదు.

లైటు వెలిగితే తప్పు ఎక్కడ?

జారుతున్న కారు బొమ్మతో పసుపు లైటు. నడుపుతుండగా రెపరెపలాడితే ఈఎస్‌సీ ఆ క్షణాన పని చేస్తోందని. ఆగకుండా వెలుగుతుంటే వ్యవస్థ తనను తాను ఆపేసుకుందని. మామూలు బ్రేకు అప్పటికీ ఉంటుంది. ఏబీఎస్ లైటు కూడా జతగా వెలిగితే గట్టి బ్రేకులో చక్రాలు బిగుసుకుపోతాయి. ఎర్ర బ్రేకు లైటు కూడా తోడైతే నడపకూడదు.

లైటు వెలగగానే, వాల్వులూ పంపూ ఉండే హైడ్రాలిక్ యూనిట్ పోయిందని చెప్పే గ్యారేజీలు తక్కువేం కాదు. అందులో అన్నిటికన్నా ఖరీదైన భాగం అదే, తక్కువసార్లు పాడయ్యేదీ అదే. అసలు దోషులు ఎక్కువగా అంకెలు పంపే చిన్న భాగాలు.

మొదటి అనుమానం చక్రపు సెన్సార్. బురద, నీళ్లు, ఎలుక కొరికిన వైరు, తుప్పు పట్టిన కనెక్టర్. లోపాల కోడ్‌లు చదివే స్కానర్ పెడితే సి 0035 అంటే ముందు ఎడమ, సి 0040 ముందు కుడి, సి 0045 వెనక ఎడమ, సి 0050 వెనక కుడి అని చాలా కార్లలో వస్తుంది. కోడ్ చూసి సెన్సార్ మార్చేయడం తొందరపాటు. ఇద్దరు కూర్చుని, ఒకరు 20-30 వేగంతో నడుపుతుంటే రెండోవారు స్కానర్ లైవ్ డేటాలో నాలుగు చక్రాల వేగాలూ చూడాలి. ఒకటి అప్పుడప్పుడు సున్నాకు పడితే వైరింగ్ లేదా సెన్సార్. ఒకటి క్రమం తప్పకుండా ఎగిరెగిరి పడుతుంటే చక్రంతో పాటు తిరుగుతూ సెన్సార్‌కు వేగం తెలిపే పళ్ల రింగు విరిగి ఉంటుంది. ఇప్పటి సెన్సార్లు చాలావరకు కరెంటును 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య మారుస్తూ సంకేతం పంపే రకం. వాటిని మల్టీమీటర్‌తో ఓమ్స్‌లో కొలిస్తే ఏమీ తేలదు. ఓమ్స్ పరీక్ష పాత కాయిల్ రకానికే.

వీల్ బేరింగ్ మార్చిన తర్వాత లైటు వచ్చిందంటే దాదాపు ఒకటే కారణం. కొత్తరకం బేరింగులో ఒక వైపు సీలు లోపల అయస్కాంత ధ్రువాల రింగు ఉంటుంది. కంటికి రెండు వైపులూ ఒకేలా కనిపిస్తాయి. తిరగేసి ప్రెస్ చేస్తే సెన్సార్ ఎదురుగా మామూలు సీలు వస్తుంది, వేగం సున్నా చూపిస్తుంది. బేరింగ్ మళ్లీ విప్పాలి. విప్పిన బేరింగు మళ్లీ పనికిరాదు.

స్టీరింగ్ కోణం రెండో దోషి, మోసగాడు కూడా. వీల్ అలైన్‌మెంట్‌లో స్టీరింగ్ వంకరగా ఉండగా టో (చక్రాలు లోపలికో బయటికో చూసే కోణం) సెట్ చేసినా, స్టీరింగ్ చక్రం విప్పి ఒక పన్ను జరిపి బిగించినా, కారు తిన్నగా పోతుంటే సెన్సార్ ఆరేడు డిగ్రీలు చూపిస్తుంటుంది. డ్రైవరు మలుపు అడుగుతున్నాడు, కారు తిరగడం లేదు అని యూనిట్ నమ్ముతుంది. చిన్న తేడాలను తిన్నటి రోడ్డు మీద అదే నేర్చుకుని సర్దుకుంటుంది. పెద్దదైతే లైటు వేస్తుంది. మధ్యస్థంగా ఉంటేనే ఇబ్బంది: ఒకవైపు మలుపుల్లో ముందుగానే బ్రేకు పడుతుంటుంది, కోడ్ ఏదీ రాదు. అలైన్‌మెంట్ పూర్తయ్యాక చక్రాలు తిన్నగా పెట్టి, సమతలం మీద, స్కానర్‌తో స్టీరింగ్ కోణాన్ని సున్నా చేయించాలి. బ్యాటరీ తీసి పెట్టాక వచ్చే లైటు అయితే చాలా కార్లలో స్టీరింగును ఒక కొస నుంచి ఇంకో కొసకు తిప్పి, కొంత దూరం తిన్నగా నడిపితే పోతుంది.

టైర్లు. ఎడమ, కుడి టైర్ల చుట్టుకొలతలో ఒక్క శాతం తేడా ఉంటే, 100 కిలోమీటర్ల వేగంలో ఒక వైపు గంటకు ఒక కిలోమీటరు ఎక్కువ చూపిస్తుంది. చక్రాల మధ్య వెడల్పు 1.5 మీటర్లుగా లెక్కగడితే కారు సెకనుకు దాదాపు 10 డిగ్రీలు తిరుగుతున్నట్టు చక్రాలు సాక్ష్యం చెబుతాయి, యా సెన్సార్ కాదంటుంది. దీన్నీ యూనిట్ కొంతవరకు నేర్చుకుంటుంది, కానీ అరిగిన మూడు టైర్లకు కొత్తది ఒకటి జత చేసినప్పుడు, సన్నటి స్టెప్నీ వేసుకుని వందల కిలోమీటర్లు పోయినప్పుడు దాని ఓపిక నశిస్తుంది. టైర్లు కనీసం ఒకే ఇరుసు మీద జతగా మార్చాలి. అందం కోసం రెండు సైజులు పెద్ద టైర్లు, ఎత్తు పెంచే స్పేసర్లు వేసిన బండిలో చిక్కు వేరే: లైటు రాకపోవచ్చు, కానీ లోపల ఉన్న లెక్కలన్నీ ఇప్పుడు లేని కారువి.

బ్యాటరీ బలహీనపడితే స్టార్ట్ చేసేటప్పుడు వోల్టేజీ కిందికి దిగి ఏబీఎస్, ఈఎస్‌సీ, పవర్ స్టీరింగ్ లైట్లు గుంపుగా వస్తాయి. లైట్లు గుంపుగా వచ్చినప్పుడు ముందు బ్యాటరీ, ఎర్త్ వైరు చూసుకోవడం తెలివి. బ్రేకు లైటు స్విచ్ ఇంకో చవక భాగం; అది ఇరుక్కుంటే పెడల్ తొక్కినట్టు సంకేతం, ప్రెజర్ సెన్సార్‌లో సున్నా. రెండు సాక్ష్యాలు కలవకపోతే వ్యవస్థ ఆగిపోతుంది.

వరదలో మునిగిన కార్లు, 2024 సెప్టెంబరులో విజయవాడలో మునిగినలాంటివి, ఇంకో కోవ. కొన్ని మోడళ్లలో యా సెన్సార్ సీట్ల మధ్య కన్సోల్ కింద, కార్పెట్ మట్టంలో ఉంటుంది. కారు ఆరి, స్టార్ట్ అయి, నెలల తర్వాత కనెక్టర్ పిన్నులకు పచ్చటి చిలుము పట్టాక లైటు మొదలవుతుంది.

బ్రేక్ ఆయిల్ సంగతి వేరుగా చెప్పాలి. పంపు కొద్ది మిల్లీ సెకన్లలో సన్నటి దారుల గుండా ఆయిల్ లాక్కోవాలి కనుక, ఈఎస్‌సీ కార్లకు పలచటి డాట్ 4 రకం వచ్చింది. మైనస్ 40 డిగ్రీల దగ్గర దాని చిక్కదనం సెకనుకు 750 చదరపు మిల్లీమీటర్లకు మించకూడదు, మామూలు డాట్ 4కు 1,800 దాకా అనుమతి ఉంది. మన ఎండల్లో ఆ తేడా పెద్దగా తెలియదు. మనల్ని కొట్టేది తేమ. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ప్రమాణం అడిగే కనీసం 155 మాత్రమే. ఘాట్ దిగుతూ ఈఎస్‌సీ కూడా మధ్యమధ్య ఒక చక్రానికి బ్రేకు వేస్తుంటే ఆ చక్రం ఇంకా వేడెక్కుతుంది. రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి. మార్చేటప్పుడు రిజర్వాయర్ ఖాళీ కానిస్తే హైడ్రాలిక్ యూనిట్‌లోకి గాలి పోతుంది. అక్కడ కొన్ని దారులు మామూలుగా మూసే ఉంటాయి కనుక పెడల్ తొక్కి ఎంత బ్లీడ్ చేసినా ఆ గాలి రాదు. పెడల్ బాగానే ఉన్నట్టనిపించి, ఈఎస్‌సీ ఒకసారి పనిచేశాక మెత్తబడుతుంది. స్కానర్‌లో ఉండే బ్లీడింగ్ ప్రోగ్రామ్‌తో వాల్వులు తెరిచి, పంపు తిప్పుతూ గాలి తీయాలి.

పాత కారు కొనేటప్పుడు దీనికి ఖర్చు లేని పరీక్ష ఒకటి ఉంది. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేసి మీటర్ బోర్డు చూడాలి. ఈఎస్‌సీ, ఏబీఎస్ లైట్లు వెలిగి, కొన్ని సెకన్లకు ఆరిపోవాలి. ఆరకపోతే లోపం ఉన్నట్టు. ఆ బండికి ఈఎస్‌సీ ఉందని కాగితాల్లో ఉండి, లైటు అసలు వెలగనే లేదంటే ఇంకా పెద్ద అనుమానం: ఎవరో మీటర్ విప్పి ఆ బల్బు సంగతి చూసి ఉంటారు. స్కానర్ పెట్టించి, నాలుగు చక్రాల వేగాలూ స్టీరింగ్ కోణమూ కళ్లారా చూశాకే బేరం మాట్లాడాలి.